స్థలము ముందు, ప్రాణి తరువాత

(ఆదివారపు పాఠశాల ఉపాధ్యాయులకును, గృహ ప్రార్థన కూటములకును ఒక పాఠము)

పాఠ్యభాగములు: ఆదికాండము 1:6–25, ఆదికాండము 6:14–21, యోహాను 14:1–3
కంఠత వాక్యము: సామెతలు 12:10



గడచిన వేసవిలో మన సంఘమునందు జరిగిన సెలవుల బైబిలు పాఠశాల ముగింపు దినమున మేము ఒక పొరబాటు చేసితిమి. దానిని దాచక చెప్పి ఈ పాఠమును ఆరంభించుట మంచిదని తలంచుచున్నాము. వాక్యములను తప్పులేక అప్పగించిన పన్నెండుమంది పిల్లలకు ఏమి బహుమానము ఇత్తుమా యని యోచించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న గాజు గిన్నెను, అందులో ఒక బంగారు చేపను ఇచ్చితిమి. గిన్నెలో మూడు లీటర్ల నీరు పట్టును. పిల్లలు ఎంతో సంతోషించిరి. దిల్‌సుఖ్‌నగర్‌లో కొందరు, ఎల్.బి.నగర్‌లో కొందరు, వనస్థలిపురములో కొందరు ఆ గిన్నెలను గుండెలకు హత్తుకొని ఇండ్లకు పోయిరి. సృష్టికర్తను గూర్చి మంచి పాఠము నేర్పితిమని మేమును సంతోషించితిమి.

రెండవ ఆదివారము నాటికి పన్నెండు చేపలలో మూడు మాత్రమే బ్రదికి యుండెను. రెండవ తరగతి చదువుచున్న ఒక చిన్నది పాఠమైన తరువాత మాయొద్ద నిలిచి, "అయ్యగారూ, నేను రోజూ మేత వేసిన. రోజూ ప్రార్థన కూడా చేసిన. మా చేపకు జాగ సాలలేదా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను. జవాబును వెదకుచు వాక్యమును తెరచితిమి. తెలిసినవారిని అడిగి చేపలను గూర్చియు నేర్చుకొంటిమి. అట్లు నేర్చుకొన్నదే ఈ నెల పాఠము.

1. దేవుని క్రమము

ఆదికాండము మొదటి అధ్యాయమును మనము అనేక పర్యాయములు చదివియున్నాము. అయితే అందలి వరుసను ఎన్నడైన గమనించితిమా? రెండవ దినమున దేవుడు జలములను వేరుపరచి విశాలమును ఏర్పరచెను. చేపలును పక్షులును పుట్టినది అయిదవ దినమున. మూడవ దినమున ఆరిన నేల కనబడెను, గడ్డియు చెట్లును మొలిచెను. ఆ నేలమీద తిరుగు జంతువులు కలిగినది ఆరవ దినమున. ఈదుటకు నీరు లేకముందు దేవుడు చేపను చేయలేదు. ఎగురుటకు ఆకాశము లేకముందు పక్షిని చేయలేదు. మేయుటకు గడ్డి లేకముందు పశువును చేయలేదు. స్థలము ముందు, ప్రాణి తరువాత. ఇది దేవుని క్రమము.

నోవహు ఓడ విషయములోను ఇదే క్రమము కలదు. ఆదికాండము 6వ అధ్యాయములో దేవుడు మొదట కొలతలు చెప్పెను. పొడవు మూడువందల మూరలు, వెడల్పు ఏబది మూరలు, ఎత్తు ముప్పది మూరలు. మూడు అంతస్తులుండవలెననియు, లోపల అరలుండవలెననియు, వెలుతురుకు కిటికీ యుండవలెననియు సెలవిచ్చెను. అటుతరువాతనే జంతువుల మాట వచ్చెను. వాటికిని మనుష్యులకును ఆహారము కూర్చుకొనుమని కూడ చెప్పెను. ఆ ఓడ తాత్కాలికమైన నివాసమే. లోకమంతయు మునిగిపోవుచున్న కాలములో కట్టబడినదే. అయినను అందులో ఎక్కవలసిన ప్రాణులకు సరిపడునట్లు దేవుడు మూరతో కొలిచి చెప్పెను. ఏదో యొక మూల సర్దుకొనునులే అని ఆయన అనలేదు.

2. మన క్రమము

మనము దీనిని తలక్రిందులు చేయుచున్నాము. చేప మన కంటికి అందముగా కనబడును; కొనెదము. ప్లాస్టిక్ సంచిలో పోసి ఇచ్చిన తరువాత, ఇంటిలో ఏ పాత్ర ఖాళీగా నున్నదని చూచెదము. దానికి ఏమి కావలెనని అడుగుట చిట్టచివరి పని. అప్పటికి తరచుగా ఆలస్యమైపోవును.

ఆ చిన్న గిన్నెలలో ఏమి జరిగినదో ఇప్పుడు తెలిసికొంటిమి. చేప తన మొప్పల ద్వారా అమ్మోనియా అను విషమును నీటిలోనికి విడుచును. చెరువులో నీరు విస్తారము గనుక ఆ విషము పలచబడిపోవును. అదియుగాక కంటికి కనబడని కొన్ని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగాను, పిమ్మట అంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చివేయును. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు తగినంతగా వృద్ధి చెందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మూడు లీటర్ల గిన్నెలో వాటికి తావు లేదు, సమయమును లేదు. చేప తాను విడిచిన విషములోనే మునిగియుండును. మిగిలిపోయిన మేత కుళ్లి ఆ విషమును ఇంకను పెంచును. ఆ చిన్నది ప్రేమతో రోజూ వేసిన మేతయే దానికి కీడాయెనని తలంచినప్పుడు మా హృదయము నొచ్చుకొనెను. తప్పు ఆమెది కాదు, మాది.

ఇంకొక సంగతి. నీరు వేడెక్కిన కొలది అందులో ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే. బంగారు చేప చల్లని నీటికి అలవాటుపడినది. మన మే నెల ఎండలో కిటికీ ప్రక్కనుంచిన గిన్నె ఎంత వేడెక్కునో చెప్పనక్కరలేదు.

గిన్నె నీరు మురికియైనదని కొందరు తల్లులు దానిని పూర్తిగా పారబోసి, తోమి, నల్లా నీటితో నింపిరి. మనకు వచ్చు నల్లా నీటిలో క్రిములు చచ్చుటకు క్లోరిన్ కలుపుదురు. అది మనకు మేలు, చేప మొప్పలకు మంట. తోముటవలన మేలుచేయు సూక్ష్మజీవులును కొట్టుకొనిపోవును. ఆ తల్లులు శ్రద్ధతో చేసినదే, తెలియక చేసినది.

"చేప గిన్నెకు తగినంతే పెరుగును" అను మాట మనలో వాడుకలో నున్నది. ఇది నిజము కాదు. బంగారు చేప జానెడు పొడవు, అంతకన్న ఎక్కువయు పెరుగగలదు. పది ఇరువది యేండ్లు బ్రదుకగలదు. చిన్న గిన్నెలో పెరుగకపోవుట దాని సర్దుబాటు కాదు; అది గిడసబారి కృశించుటయే. ఇటలీ దేశములో రోము నగరమువారు 2005లో గుండ్రని గాజు గిన్నెలలో చేపలను ఉంచుటను నగర నిబంధనచేత నిషేధించిరి. ఆ సంగతి మొదట విన్నప్పుడు మాకు నవ్వు వచ్చెను. ఇప్పుడు నవ్వు రాదు.

3. నీతిమంతుని ఎరుక

మన కంఠత వాక్యము నీతిమంతుడు తన పశువు ప్రాణమును దయతో చూచునని బోధించుచున్నది. మూల హీబ్రూ భాషలో ఇచ్చట వాడబడిన క్రియకు "ఎరుగుట" అని అర్థము. తన పశువు ప్రాణమును అతడు ఎరుగును. దాని అలసట, దాని ఆకలి, దాని అవసరము అతనికి తెలియును. దయ కలిగియుండుట మాత్రమే చాలదు, తెలిసికొనవలెను. మాకు దయ యుండెను, ఎరుక లేకపోయెను. అందువలన తొమ్మిది ప్రాణములు పోయెను. కనుక మన ఇండ్లలో సాధారణముగా పెంచు ప్రాణుల విషయమై కొంత ఎరుక ఇచ్చట వ్రాయుచున్నాము.

బంగారు చేప: ఒకదానికి 75 లీటర్ల నీరు, తరువాత ప్రతి చేపకు మరి 40 లీటర్ల చొప్పున ఉండవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. తొట్టి పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించిన లీటర్లు వచ్చును. 60, 30, 30 కొలతలుగల తొట్టిలో 54 లీటర్లు పట్టును. అది ఒక్క బంగారు చేపకైనను చాలదు. కొన్ని గప్పీలవంటి చిన్న చేపలకు చాలును. ఎత్తుగానుండు తొట్టికన్న పొడవుగా, వెడల్పుగా నుండు తొట్టి మేలు. ఏలయనగా గాలి నీటిలో కలియునది పైభాగమున. ఫిల్టరు అవసరము. వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మాత్రము మార్చవలెను. క్రొత్త నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచుట గాని, దుకాణములో దొరకు క్లోరిన్ విరుగుడు మందు వేయుట గాని చేయవలెను. రెండు నిమిషములలో తినగలిగినంత మేతయే వేయవలెను.

ఫైటర్ చేప: ఇది నీటిపైకి వచ్చి గాలిని కూడ పీల్చుకొనగలదు. అందుచేతనే దానిని చిన్న సీసాలలోను, ప్లాస్టిక్ గ్లాసులలోను పెట్టి అమ్ముదురు. ఊపిరి ఆడుట వేరు, బ్రదుకుట వేరు. దానికిని 20 లీటర్ల నీరు కావలెను. మగవి ఒకదానితో నొకటి పోరాడును గనుక రెండింటిని ఒకచోట ఉంచరాదు.

లవ్‌బర్డ్స్ అని మనము పిలుచు చిన్న చిలుకలు: వీటిలో అనేకము ఆస్ట్రేలియా మైదానములలో గుంపులుగా ఎగురు జాతికి చెందినవి. పక్షి పైకి నిలువుగా ఎగురదు, అడ్డముగా ఎగురును. కావున పంజరము ఎత్తుకన్న పొడవు ముఖ్యము. రెక్కలు రెండును పూర్తిగా చాచి ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు ఎగురగలుగవలెను. ఒంటరిగా నుంచరాదు. మన దేశపు రామచిలుకను మాత్రము పంజరములో ఉంచనేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించుచున్నది. నక్షత్ర తాబేలు విషయమును అంతే. ఎవరి యింటనైన ఉన్నయెడల అటవీ శాఖవారికి అప్పగించుట ధర్మము.

కుందేలు: ఇనుప తీగల అడుగుగల పంజరములో దాని పాదములు పుండ్లు పడును. చదునైన నేల, తోటి కుందేలు, ఎల్లప్పుడు గడ్డి, నీడ కావలెను. మూడు నాలుగు గంతులు వరుసగా వేయుటకు, వెనుక కాళ్లపై నిలువుగా లేచుటకు చోటుండవలెను. వేసవి వేడిమిని అది ఓర్వలేదు.

చిన్న తాబేలు: చెవులయొద్ద ఎర్రచార యుండి, రూపాయి బిళ్లంత యున్నప్పుడు అమ్మబడు తాబేలు అమెరికా దేశపుది. అది పళ్లెమంత పెరుగును, ముప్పది యేండ్లు బ్రదుకగలదు. కొనిన బాలుడు పెద్దవాడై పెండ్లియాడి పిల్లలు కలిగిన తరువాతను అది బ్రదికియే యుండవచ్చును. అంత కాలము చూచుకొనగలమా యని ముందు ఆలోచించవలెను.

మన దేశపు చట్టమును ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టము, జంతువు కదలుటకు చాలినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరములో గాని పాత్రలో గాని దానిని ఉంచుటను నేరముగా ఎంచుచున్నది. ఆ చట్టములో జంతువనగా మనుష్యుడు గాక ప్రతి జీవియు, చేపయు అందులోనిదే.

4. రెండు ఆక్షేపణలు

ఈ సంగతులు ఉపాధ్యాయుల కూటములో చెప్పినప్పుడు ఒక సహోదరుడు, "మృగశిర కార్తెనాడు రాంనగర్ మార్కెట్టుకు పోయి కిలోల కొలది చేపలు తెచ్చుకొని తినువారము మనమే గదా! గిన్నెలోని చేపకొరకు ఇంత దుఃఖమెందుకు?" అనెను. న్యాయమైన ప్రశ్నయే. ప్రభువు శిష్యులలో కొందరు జాలరులు. లేచిన ప్రభువు తానే కాల్చిన చేపను భుజించెనని లూకా 24వ అధ్యాయములో చదువుచున్నాము. తినుట పాపమని మేము చెప్పుటలేదు. అయితే ఆహారముకొరకు తీసికొనుట వేరు, వినోదముకొరకు చెరలోనుంచి దినదినము ఊపిరాడకుండ చేయుట వేరు. నూర్చెడి ఎద్దు మూతికి చిక్కము వేయకూడదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది, ద్వితీయోపదేశకాండము 25:4. ఆ ఎద్దును వాడుకొనుటకు మనుష్యునికి అధికారము కలదు. దాని కడుపు మాడ్చుటకు లేదు. మన యింటికి మనమే తెచ్చుకొనిన ప్రాణి తన మేతకు, తన నీటికి, తన గాలికి మనమీదనే ఆధారపడియున్నది. అది వేరొకచోటికి పోలేదు. అధికారము ఎంత పూర్తియైనదో, బాధ్యతయు అంత పూర్తియైనది.

మరియొక సహోదరి, "అయ్యగారూ, మాకే జాగ లేదు. ఒక్క గదిలో అయిదుగురము ఉంటున్నాము. చేపకు ఎక్కడనుండి తెచ్చేది?" అనెను. ఈ మాటను మేము తేలికగా తీసికొనలేము. నల్లగొండనుండియు, ఖమ్మమునుండియు, కృష్ణా గుంటూరు ప్రాంతములనుండియు విజయవాడ బాట వెంట వచ్చి ఈ పేటలలో స్థిరపడినవారు మనలో అనేకులు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఒక గదిలో నలుగురైదుగురు మంచములు వేసికొని పరీక్షలకు చదువుకొను యువకులు మన కూటములకు వచ్చుచున్నారు. ఇరుకు అనగా నేమో మనకు ఎవరును బోధింపనక్కరలేదు.

అందుకనియే మనము బాగుగా గ్రహింపగలము. ఇరుకులో నున్నవాడు మరియొక ప్రాణిని ఇంకను ఇరుకులో పెట్టనక్కరలేదు. చేపను పెంచుమని ప్రభువు ఎవరికిని ఆజ్ఞాపించలేదు. చోటు లేనియెడల తెచ్చుకొనకపోవుటయే దయ. మేడమీద ఒక మట్టి మూకుడులో నీళ్లు, గుప్పెడు నూకలు పెట్టిన యెడల పిచ్చుకలును పావురములును తామే వచ్చి త్రాగి, తిని, ఆకాశమంతయు తమదిగా ఎగిరిపోవును. దానికి గది అవసరము లేదు. నాతాను దావీదుతో చెప్పిన ఉపమానమును, 2 సమూయేలు 12వ అధ్యాయము, జ్ఞాపకము చేసికొనుడి. ఆ దరిద్రునికి ఒక్క చిన్న ఆడు గొఱ్ఱెపిల్ల మాత్రమే యుండెను. అయితే తన ముద్దలో ముద్ద, తన గిన్నెలో పాలు, తన కౌగిలిలో చోటు దానికి ఇచ్చెను. అతడు పది గొఱ్ఱెపిల్లలను కొని కట్టివేయలేదు. తాను చోటు ఇయ్యగలిగిన ఒక్కదానినే పెంచెను.

ఎల్.బి.నగర్ దాటి విజయవాడ బాటన పోవునప్పుడు వనస్థలిపురమునొద్ద మహావీర్ హరిణ వనస్థలి కనబడును. ఒకప్పుడు నిజాము వేటాడిన భూమి అది. 1975లో మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరమున ఆయన పేరట దానికి పేరు పెట్టబడెను. నేడు 3,500 ఎకరములకు పైగా కృష్ణజింకలకు విడువబడియున్నది. చుట్టును గజము గజము కొలిచి ఇండ్లు కట్టుచున్న నగరములో ఇంత నేల జింకలకొరకు నిలిచియుండుట ఆశ్చర్యమే. వేటాడిన చోటనే స్థలమిచ్చుట సాధ్యమైనప్పుడు, మన యింటి బల్లమీద ఒక తొట్టి పొడవు సాధ్యము కాదా?

5. ఇప్పటికే ఉన్నవాటిని ఏమి చేయవలెను?

చిన్న గిన్నెలో చేప యున్నవారు దానిని సరూర్‌నగర్ చెరువులో విడిచివేయుదమని తలంపవచ్చును. అట్లు చేయకూడదు. అచ్చటి నీరు దానికి కొత్త, బ్రదుకకపోవచ్చును. బ్రదికిన యెడల వేరొక కీడు. తొట్టెలను శుభ్రపరచునని అమ్మబడు సక్కర్ చేప ఇట్లే బయటి నీళ్లలోనికి చేరి, ఆంధ్రప్రదేశ్‌లో వ్యాపించి, తన ముండ్లతో జాలరుల వలలను చింపుచు, మన చేపల చోటును ఆక్రమించుచున్నది. దానికి దెయ్యపు చేప అని పేరు వచ్చినది. ఒక ప్రాణికి స్థలమిచ్చుటకై వేరొక దాని స్థలమును లాగుకొనరాదు.

ఆ చెరువే మనకు మరియొక పాఠము నేర్పినది. 1626లో త్రవ్వబడిన చెరువది. ఇండ్లు దాని అంచులవరకు వచ్చినవి. 2020 అక్టోబరు వర్షములలో ఆ చుట్టుపట్ల కాలనీలు నీట మునిగినప్పుడు, మనలో కొందరు మేడమీద రాత్రులు గడిపిన సంగతి మరువలేము. నీటికి ఇయ్యవలసిన చోటు మనము ఇయ్యనియెడల నీరు తానే వచ్చి వెదకికొనును. చేప మాత్రము అట్లు చేయలేదు. అది మౌనముగా చచ్చిపోవును.

కావున చోటు గలవారికి ఇయ్యుడి, లేదా అనేకులు కలిసి ఒక పెద్ద తొట్టి పెట్టుడి. మేము అట్లే చేసితిమి. మిగిలిన మూడు చేపలను ఆ పిల్లల అనుమతితో తెచ్చి, 90, 45, 45 కొలతలుగల తొట్టిని సండే స్కూలు గదిలో ఎండ తగులని చోట అమర్చితిమి. మూడు చేపలకు 155 లీటర్లు కావలెను. అందులో 180 పట్టును. సూక్ష్మజీవులు వృద్ధి చెందువరకు రోజువిడిచి రోజు కొంత నీరు మార్చుచు కాచుకొంటిమి. ఇప్పుడు యౌవనస్థులు వంతులవారీగా చూచుకొనుచున్నారు. ప్రశ్న అడిగిన చిన్నది శనివారపు వంతు తనదని తీసికొన్నది. ఆమె చేప ఆ మూడింటిలో లేదు. అయినను వచ్చుచున్నది.

6. మనకొరకైన స్థలము

ఆ చిన్నది అడిగిన "జాగ" అను మాట వాక్యమంతటను మనకు వినబడుచున్నది. ఇరుకులోనుండి తప్పించి, తన పాదములను విశాలస్థలమున నిలిపితివని కీర్తనకారుడు దేవుని స్తుతించెను, కీర్తన 31:8. రక్షణ అనగా అతనికి ఊపిరి పీల్చుకొను చోటు. ఆ దేవుని కుమారుడు లోకమునకు వచ్చినప్పుడు సత్రములో చోటు దొరకక పశువుల తొట్టిలో పరుండబెట్టబడెను, లూకా 2:7. మనుష్యులు ఇయ్యని స్థలమును ఆయనకు పశువుల మేత తొట్టి ఇచ్చెను. ఇది మనము సులువుగా మరువదగిన సంగతి కాదు.

అట్టి ప్రభువు సిలువకు పోవుటకు ముందటి రాత్రి శిష్యులతో ఏమనెను? తాను వెళ్లుచున్నది వారికి స్థలము సిద్ధపరచుటకే అనియు, సిద్ధపరచిన పిమ్మట మరల వచ్చి వారిని తీసికొనిపోదుననియు చెప్పెను. ఇచ్చటను అదే క్రమము: స్థలము ముందు, మనము తరువాత. ఆదియందు చేపకు సముద్రమును ముందు సిద్ధపరచినవాడే మనకు నిత్యనివాసమును ముందు సిద్ధపరచుచున్నాడు. అట్లు ప్రేమింపబడినవారము, మన చేతిలోనున్న చిన్న ప్రాణికి మూడు లీటర్లు చాలునని ఎట్లు చెప్పగలము?

చర్చించుటకు ప్రశ్నలు

1. ఆదికాండము 1వ అధ్యాయములో ఏ దినమున ఏ స్థలము, ఏ దినమున ఏ ప్రాణి కలిగినవో రెండు వరుసలుగా వ్రాయుడి.
2. సామెతలు 12:10లో దయకును ఎరుకకును గల సంబంధమేమి? తెలియక చేసిన కీడు కీడు కాకపోవునా?
3. మన ఇండ్లలో, మన అద్దె గదులలో, మనపై ఆధారపడియున్నవారెవరు? పనిమనిషికి, వృద్ధులైన తలిదండ్రులకు మనము ఎట్టి చోటు ఇచ్చియున్నాము?
4. యోనా 4:11లో దేవుడు నీనెవె జనులతోపాటు పశువులను ఏల లెక్కించెను?

పిల్లలకు ఇంటి పని: కొలబద్దతో మీ యింటిలోనున్న తొట్టినిగాని పంజరమునుగాని కొలిచి లెక్క వ్రాసి తీసికొనిరండి. ప్రాణి ఏదియు లేనివారు మేడమీద పక్షులకు నీళ్లు పెట్టి, ఏయే పక్షులు వచ్చినవో వ్రాయుడి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నీవు చేసిన ప్రాణులను ఎరుగక బాధించిన మా తప్పును ఒప్పుకొనుచున్నాము. మా చిన్నవారి ప్రశ్నలద్వారా మాకు బోధించినందుకు నీకు స్తోత్రము. మా చేతిక్రింద నున్న ప్రతిదానికి చాలినంత చోటు ఇచ్చు మనస్సును, ఇయ్యలేనప్పుడు తీసికొనకుండు నిగ్రహమును మాకు దయచేయుము. ఇరుకు గదులలో నున్న మా సహోదరులకు విశాలస్థలమును అనుగ్రహించుము. మాకొరకు స్థలము సిద్ధపరచ వెళ్లిన యేసుక్రీస్తు ప్రభువు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.